ఇసుకను కట్టిపడేసిన పచ్చచాప

కళింగపట్నం తీరంలో కాళ్ల కింద నలిగే తీగే ఊరికి తొలి అడ్డుకట్ట - పెరటి రాళ్ల సందుల్లోనూ పెంచదగ్గ మన నేలపాకుడు మొక్కలు

కళింగపట్నం సముద్రపు ఒడ్డుకు వెళ్లినవారి చూపు ముందుగా లైట్‌హౌస్‌ మీదికి పోతుంది. తరువాత వంశధార సముద్రంలో కలిసే చోటికి, అక్కడి నుంచి తెప్పల మీదికి, అలల మీదికి పోతుంది. కాళ్ల కిందికి మాత్రం ఎవరి చూపూ పోదు. అలలు తాకే తడి ఇసుకను దాటి ఊరివైపు కొంతదూరం నడిస్తే, ఎండిన ఇసుక దిబ్బ మీద నేలకు అంటుకుని పాకిన పచ్చని తీగ కనిపిస్తుంది. చాప పరచినట్టు వుంటుంది. ఎత్తు జానెడు దాటదు. పొద్దున్నే వెళితే దాని నిండా ఊదారంగు గరాటు పూలు విచ్చుకుని వుంటాయి. ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాయి.

వలలు ఆరవేసుకునేవారికి అది కాళ్లకు అడ్డం. షికారుకు వచ్చినవారికి పిచ్చిమొక్క. ఒడ్డును చదును చేసేవారికి చెత్త. కాని ఎగిరిపోయే ఇసుకను ఒకచోట ఆపి, తుఫాను అలకు ఎదురు నిలిచే దిబ్బను పెంచేది ఆ తీగే. తీగను పీకితే దిబ్బ కదులుతుంది. దిబ్బ కదిలితే వెనకాల వున్న పొలానికీ, నూతికీ, ఇంటికీ కాపు లేకుండా పోతుంది.

కుందేలు చెవి, మేక డెక్క

ఈ తీగకు తెలుగులో బాలబంద తీగ అనీ, చెవులపిల్లి తీగ అనీ పేర్లున్నాయి. చెవులపిల్లి అంటే కుందేలు. ఆకు కొన వద్ద రెండుగా చీలి వుంటుంది. మనవారు దానిలో కుందేలు చెవులను చూశారు. శాస్త్రజ్ఞులు అదే ఆకులో మేక డెక్కను చూసి ‘ఐపోమియా పెస్‌ కాప్రే’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఆ రెండో మాటకు మేక పాదమనే అర్థం.

మన జిల్లాల మొక్కల పేర్లు పల్లెజనం నోటి నుంచి పుస్తకంలోకి ఎక్కి చాలాకాలమే అయింది. ఉత్తర సర్కారు జిల్లాలలో కమిషనరుగా పనిచేసిన వాల్టర్‌ ఇలియట్‌, తెలుగు జిల్లాలలో కనిపించే మొక్కల దేశీయ నామాలను సేకరించి ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే పేరుతో 1859లో మద్రాసులో అచ్చువేయించాడు. పేరున్న మొక్కకు పని వుంటుంది. పని లేని మొక్కకు పల్లెలో ఎవరూ పేరు పెట్టరు.

బాలబంద తీగ పక్కనే మరొకటి కనిపిస్తుంది. బూడిదరంగు కలిసిన పచ్చదనం, సూదుల్లా గుచ్చుకునే బిరుసు ఆకులు. ఇది గడ్డిజాతి మొక్క. దీనిని రావణాసురుని మీసాలు అంటారు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ మొక్కకు ముళ్లబంతి వంటి కంకి వస్తుంది. గింజ ముదిరాక ఆ బంతి తెగి గాలికి దొర్లుకుంటూ పోతుంది. పోయి పోయి ఎక్కడ ఇసుకలో చిక్కుకుంటే అక్కడ కొత్త మొక్క లేస్తుంది. బాలబంద గింజలది మరో దారి. అవి సముద్రంలో పడి నెలల తరబడి తేలుతూ పోయి, ఏ ఒడ్డుకు చేరితే అక్కడ మొలుస్తాయి. అందుకే వేడి దేశాల తీరాలలో దాదాపు అంతటా ఈ తీగ వుంది.

పొట్టిగా వుండడమే బలం

ఈ మొక్కలు ఎత్తు ఎందుకు పెరగవు? దీనికి జవాబు ఎక్కడో మంచుకొండల మీద కూడా దొరుకుతుంది. హిమాలయాలలోనూ, ఐరోపాలోని ఆల్ప్స్‌ పర్వతాలలోనూ చెట్లు పెరగడం ఆగిపోయిన ఎత్తులో, బండల నడుమ కొన్ని మొక్కలు దిండులాగా, చాపలాగా నేలకు అతుక్కుని బతుకుతాయి. నేలకు దగ్గరగా గాలి వేగం తక్కువ. ఎండ కాసినప్పుడు ఆ దిండు లోపల, బయటి గాలి కంటే ఎన్నో డిగ్రీలు వెచ్చగా వుంటుంది. తలెత్తితే గాలి, చలి చంపుతాయి. తల వంచితే బతుకు.

ఆ మొక్కల మీద మోజుతో ఇంగ్లండువారు రాళ్లు పేర్చి తోటలు వేయడం మొదలుపెట్టారు. లండన్‌లోని చెల్సీ ఔషధ వనంలో 1773లో వేసిన రాతితోటలో లండన్‌ టవర్‌ కోట నుంచి వచ్చిన పాత రాళ్లూ, ఐస్‌లాండ్‌ నుంచి ఓడలో వచ్చిన లావా రాళ్లూ వాడారు. మనవారు రాక్‌ గార్డెన్‌ అనగానే చండీగఢ్‌లో నేక్‌ చంద్‌ పగిలిన పింగాణీ ముక్కలతో, పారేసిన సామానుతో చేసిన బొమ్మల తోటను తలుచుకుంటారు. ఇది వేరు. ఇక్కడ రాళ్లు మొక్కల కోసం పేర్చినవి. అలాగే నడవ బండల మధ్య సందులు వదిలి, వాటిలో నేలపాకుడు మొక్కలు పెంచడం కూడా ఆ దేశాలలో అలవాటైంది.

ఆ కొండమొక్కలను తెచ్చి కళింగపట్నంలో నాటితే బతకవు. వాటికి చలికాలమంతా మంచుదుప్పటి కావాలి. వేసవిలో చల్లని రాత్రి కావాలి. మన తీరంలో రాత్రి కూడా ఉక్కపోతే. వాన పట్టిందంటే వేరు కుళ్లిపోతుంది. అయితే విచారించవలసిన పని లేదు. మంచుకొండ మీద చలిగాలి చేసిన పనినే ఇక్కడ ఉప్పుగాలి, కదిలే ఇసుక చేశాయి. మన ఒడ్డు మొక్కలకు అదే రూపం వచ్చింది. దూరదేశపు మొక్క కోసం ఆశపడనక్కర లేకుండా, అటువంటి మొక్కలు మన ఊరి దిబ్బ మీదే వున్నాయి.

దిబ్బ పెరిగే తీరు

సముద్రపు గాలి ఎండిన ఇసుకను లేపి ఊరివైపు మోసుకొస్తుంది. దారిలో తీగ ఆకు తగిలితే గాలి జోరు తగ్గుతుంది. జోరు తగ్గిన గాలి ఇసుకను మోయలేక అక్కడే వదిలేస్తుంది. మరే మొక్కనైనా ఇసుక కప్పేస్తే చచ్చిపోతుంది. బాలబంద తీగ చావదు. కప్పిన ఇసుకలోంచి కొత్త కొమ్మను పైకి పంపుతుంది. ఇసుకలో కూరుకుపోయిన ప్రతి కణుపు దగ్గరా కొత్త వేరు వేస్తుంది. మళ్లీ ఇసుక పడుతుంది, మళ్లీ తీగ పైకి వస్తుంది. ఇలా ఏళ్ల తరబడి సాగితే దిబ్బ ఎత్తు పెరుగుతుంది. లోపలంతా వేళ్ల అల్లిక. వల పన్నినట్టు వుంటుంది.

ముందు వరసలో ఈ తీగ, రావణాసురుని మీసాలు ఇసుకను ఆపితేనే వాటి వెనక మొగలి పొదలు నిలదొక్కుకుంటాయి. మొగలి వెనక తాడి, జీడి, సరుగుడు. సరుగుడు తోట గాలిని ఆపుతుంది, నిజమే. కాని దాని సూదిరజను మందంగా పరచుకున్న చోట నేలపాకుడు మొక్క పెద్దగా లేవదు. పైన చెట్టు వున్నంత మాత్రాన కింద ఇసుక కట్టుబడి వుందని అనుకోరాదు. చెట్టు చేసే పని చెట్టుది, చాప చేసే పని చాపది.

తుఫాను వచ్చిన నాడు

శ్రీకాకుళం జిల్లా తీరానికి తుఫాను కొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కి.మీ. వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్‌ తుఫాను కళింగపట్నానికి ఉత్తరంగా సుమారు 20 కి.మీ. దూరంలోనే తీరం దాటింది.

తుఫాను రోజున అల ముందుగా కొరికేది దిబ్బను. దిబ్బలోని ఇసుకను అల సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. ఆ ఇసుక ఒడ్డుకు దగ్గరలోనే నీటి అడుగున తిన్నెగా చేరి, వెనక వచ్చే అలల పొగరును కొంత అణుస్తుంది. సముద్రం చల్లబడ్డాక మామూలు అలలు అదే ఇసుకను మెల్లమెల్లగా తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. గాలి దానిని ఊరివైపు తోస్తుంది. తీగ పట్టుకుని మళ్లీ దిబ్బ చేస్తుంది. అంటే దిబ్బ ఊరికి బ్యాంకు వంటిది. కష్టకాలంలో తీసి వాడుకుని, మంచికాలంలో తిరిగి జమ చేసుకునే నిధి. జమ చేసే గుమస్తా ఈ తీగ. గుమస్తాను తీసేస్తే నిధి ఖాళీ అవుతుంది గాని నిండదు.

దిబ్బ వుంటే తుఫాను రాదని కాదు. పెద్ద ఉప్పెన దిబ్బను దాటి కూడా వస్తుంది. హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు వదిలి వెళ్లక తప్పదు. ఏటా వచ్చే చిన్నా పెద్దా ఆటుపోట్ల నుంచి, ఇసుక మేట నుంచి పొలాన్ని కాచేది మాత్రం ఈ దిబ్బే.

నూతిలో తీపి నీరు

సముద్రానికి కూతవేటు దూరంలో ఇసుకలో చెలమ తీస్తే తియ్యని నీరు ఊరడం తీరపు పల్లెలలో అందరూ ఎరిగిన సంగతే. పక్కన అంత ఉప్పునీరు వుండగా ఇది ఎలా సాధ్యం? దిబ్బ మీద పడిన వాన ఇసుకలోకి దిగి, లోపలి ఉప్పునీటి మీద తెప్పలా తేలుతుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. ఈ లెక్కను హాలెండు, జర్మనీ తీరాలలో నూరేళ్లకు పూర్వమే తేల్చారు. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల లోతు వరకు మంచినీరు వుండగలదు. ఈ లెక్కే తిరగబడితే ప్రమాదం. దిబ్బను తవ్వి పైన ఒక అడుగు నీటిమట్టం తగ్గిస్తే, అడుగున ఉప్పునీరు అన్ని రెట్లు పైకి ఎగబాకుతుంది.

హాలెండు దేశంలో ఆమ్‌స్టర్‌డామ్‌ నగరానికి 1853 నుంచి ఇసుక దిబ్బల నుంచే మంచినీరు తీసుకెళుతున్నారు. అందుకే అక్కడ దిబ్బమీది గడ్డిని కంటికి రెప్పలా చూసుకుంటారు. గడ్డి పోయిన చోట మళ్లీ నాటుతారు. మన పల్లెలో ఆ నీరు బిందెతో తోడుకుంటాము, అక్కడ గొట్టంతో తోడుకుంటారు. తేడా అంతే.

అందం పేరిట చేటు

దిబ్బకు వచ్చే చేటు ఒక్క సముద్రం నుంచే కాదు. ఇంటి పునాదికనీ, రోడ్డుకనీ ట్రాక్టర్లతో ఇసుక తోలడం ఒకటి. తీగ మీదుగా బండ్లు నడపడం మరొకటి. ఒకసారి చక్రం తిరిగిన జాడలో తీగ తెగుతుంది, ఆ జాడలోంచి గాలి దూరి దిబ్బకు గండి పెడుతుంది. ఇక మూడవది విచిత్రమైనది. ఒడ్డును అందంగా చేద్దామని తీగను గీకి, దిబ్బను చదును చేసి, సిమెంటు బిళ్లలు పరచడం.

దీనికి చట్టం ఒప్పదు. తీర ప్రాంతాల రక్షణకు కేంద్ర ప్రభుత్వం 1991లోనూ, తిరిగి 2011లోనూ ఇచ్చిన నోటిఫికేషన్లలో, సుందరీకరణ కోసమైనా విహారం కోసమైనా ఇసుక దిబ్బలను చదును చేయడం, మార్చడం నిషిద్ధమని రాశారు. 2019 నాటి నోటిఫికేషన్‌ కూడా ఇసుక దిబ్బలను అత్యంత సున్నిత ప్రాంతాల జాబితాలోనే చేర్చింది. దిబ్బను తవ్వడం చూసిన గ్రామస్తులు పంచాయతీకీ, తహశీల్దారుకూ అర్జీ పెట్టుకోవచ్చు. ఒకరు పెట్టిన అర్జీ కంటే పదిమంది సంతకాలు చేసిన అర్జీకి విలువ ఎక్కువ.

గండి పడితే పూడ్చడం ఎలా?

గీకేసిన చోట మళ్లీ తీగను పట్టించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నైరుతి వానలు నిలకడగా పడ్డాక, జూన్‌ చివర గాని జూలైలో గాని మొదలుపెట్టాలి. దిబ్బ మీది తీగను పీకరాదు. కాలిబాట మీదికి పాకి ఎలాగూ తొక్కిసలాటలో పోయే కొమ్మలనే కోసుకోవాలి. మూరెడు పొడవున, మూడు నాలుగు కణుపులు వుండేటట్టు కోసి, రెండు కణుపులు తడి ఇసుకలో పడేటట్టు పడుకోబెట్టి కప్పాలి. కొన మాత్రం బయట వుండాలి. మూరకు ఒకటి చొప్పున నాటితే చాలు.

గింజతో పెంచేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. గింజ పెంకు చాలా గట్టిది. గరుకు రాతి మీద ఒక పక్క కొంచెం అరగదీసి, రాత్రంతా నీటిలో నానబెడితే తేలికగా మొలుస్తుంది. అలలు నిత్యం తాకే చోట నాటితే వృథా. పోటు గీతకు పైన, ఎండిన ఇసుక మొదలయ్యే చోట నాటాలి. తాటాకులు గాని కంపగాని అడ్డం పెడితే గాలి ఇసుకను అక్కడ దింపుతుంది, మేకలూ మనుషులూ తొక్కరు. రెండు నెలలు కాపాడితే తరువాత తీగే తనను తాను చూసుకుంటుంది. ఒడ్డుకు వెళ్లడానికి పది దారులు కాక ఒక్క దారినే అందరూ వాడుకుంటే మిగిలిన దిబ్బ బతుకుతుంది.

పెరట్లో బండల సందున

నేలపాకుడు మొక్కల వాడుక ఒడ్డుకే పరిమితం కాదు. ఇప్పుడు పల్లెలలో కూడా వాకిలి మొత్తం సిమెంటు చేయడం అలవాటైంది. వాననీరు భూమిలోకి దిగక వీధిలోకి పరుగెడుతుంది. వేసవిలో వాకిలి పెనంలా కాలుతుంది. దీనికి బదులు నాపరాళ్లు గాని, గ్రానైటు తునకలు గాని పరచుకుని, రాయికీ రాయికీ మధ్య రెండు వేళ్ల సందు వదిలితే బాగుంటుంది. కింద బెత్తెడు మందాన ముతక ఇసుక పోయాలి. సందులో ఇసుకకు కాస్త చివికిన పశువుల ఎరువు కలిపితే చాలు. ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గాని పువ్వు తగ్గుతుంది. కళ్లాపి చల్లి ముగ్గు వేసే చోటును, ధాన్యమూ చింతపండూ ఆరబోసుకునే చోటును మామూలుగానే వుంచుకోవాలి.

ఎండ మండిపోయే చోటికి నాచుపూలు మేలు. వీటినే గడ్డిగులాబీలంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చినా మన వాకిళ్లకు బాగా అలవాటుపడ్డాయి. చిటికెడు కొమ్మ తుంచి గుచ్చితే నాటుకుంటుంది. ఉప్పు తగిలే నేల అయితే వంగరెడ్డికూర వేసుకోవచ్చు. దీని ఆకు దళసరి, పువ్వు చిన్నది, గులాబీరంగు. ఉప్పు కయ్యల పక్కన తనంతట తానే పెరుగుతుంది. దీనిని ఉడికించి, నీరు పారబోసి కూరగా తింటారు. అయినా ఇందులో ఉప్పు ఎక్కువ. రక్తపోటు వున్నవారు, ఉద్దానంలో వలె కిడ్నీ జబ్బుతో బాధపడేవారు డాక్టరును అడగకుండా తినరాదు.

నూతి పళ్లెం పక్కన, కాస్త తడి వుండే చోట బొక్కెనాకు బాగా పాకుతుంది. ప్రతి కణుపుకూ వేరు వేసుకుంటూ నేలను కప్పేస్తుంది. కాలితో తొక్కినా తట్టుకుంటుంది. దాని చిన్ని పూలకు సీతాకోకచిలుకలు వస్తాయి. గరుకు నేలలో, రాతి మెట్ల అంచున విష్ణుక్రాంతం నీలిపువ్వు ఎంతో ముచ్చటగా వుంటుంది. బాలబంద తీగను మాత్రం పెరట్లోకి తేవద్దు. అది బారల కొద్దీ పాకే తీగ. దాని చోటు దిబ్బే.

ఏ మొక్క చోటు దానిది

చోటు మారితే మంచి మొక్క కూడా చెడ్డదవుతుంది. మనకు సాధువుగా కనిపించే ఈ బొక్కెనాకుకు దగ్గరి చుట్టమైన మొక్కే ఆస్ట్రేలియాలో ముర్రే డార్లింగ్‌ నదుల వరద మైదానాలలో అలుముకుని, పచ్చిక బయళ్లను మింగి పశువుల పెంపకందార్లకు తలనొప్పి అయింది. అదే విధంగా మన నర్సరీలలో పసుపుపచ్చ పూలతో వెడీలియా అనే నేలపాకుడు మొక్కను అమ్ముతున్నారు. అది చూపుకు అందమే. కాని దాని పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి దేశాలు. ప్రపంచంలో అతి చెడ్డ చొరబాటు జాతులుగా గుర్తించిన నూరింటి జాబితాలో అదీ ఒకటి. పెరట్లో నాటిన ముక్క కాలువలో పడితే చాలు, గట్టంతా అదే అవుతుంది. దిబ్బకు దగ్గరగా వున్న ఊళ్లలో దానిని నాటకపోవడం మంచిది. ఇప్పటికే వుంటే వేరుతో సహా తీసి ఎండలో మాడ్చి పారవేయాలి.

మన మొక్కలకు కొనుగోలు ఖర్చు లేదు. పొరుగింటిలో అడిగితే చేతికి కొమ్మ దొరుకుతుంది. నాలుగు సందుల్లో నాటి చూస్తే, మూడు వానలకు వాకిలి పచ్చబడుతుంది. పిల్లలు రోజూ ఆ సందుల మీద అడుగులు వేస్తూ పెరిగితే, నేలను పట్టుకుని వుండేది పెద్ద చెట్టొక్కటే కాదని వారికి చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది.

కళింగపట్నం ఒకప్పుడు ఓడలు వచ్చిన రేవు. ఆ ఓడలు పోయాయి. నది తన ముఖాన్ని అటూ ఇటూ మార్చుకుంటూనే వుంది. సముద్రం, ఇసుక, గాలి ఏవీ మన మాట వినవు. ఇన్నింటి మధ్యన మనిషి పక్షాన నిలిచి పనిచేస్తున్నది ఈ జానెడు ఎత్తు లేని తీగ. అది కూలి అడగదు, ఎరువు అడగదు, కాపలా కూడా అడగదు. తన మానాన తనను వుండనిస్తే చాలు. ఈసారి ఒడ్డుకు వెళ్లినప్పుడు ఆ పచ్చచాపను తొక్కకుండా పక్కగా నడిచినా ఊరికి మేలు చేసినట్టే.